బుల్లబ్బాయి కూత

పేరు బుల్లబ్బాయి, మనిషి ఆరడుగులు. పుట్టినప్పుడు చిటికెడంత ఉన్నాడట. బతికితే చాలనుకుని వాళ్ళమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు మీసాలు మొలిచినా మారలేదు. గుమ్మం దాటాలంటే అతను తల వంచాలి. ఆ వంచడమే అతనికి రాదు. నుదుటి మీద పిఠాపురం దగ్గరి సొంత ఇంటి గుమ్మం కొట్టిన మచ్చ ఒకటి, బహ్రెయిన్‌లో మీనా సల్మాన్ రేవు కూలీల క్యాంపు గుమ్మం కొట్టిన మచ్చ ఒకటి పక్కపక్కనే ఉండేవి. ఎవరైనా అడిగితే రెండూ చెడుగుడు దెబ్బలేనని చెప్పేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో అతనికి మొహమాటం లేదు.

అయినా చెప్పుకోదగ్గ ఆటగాడే. చెడుగుడు బరిలో అవతలి జట్టు మీదికి ఒక్కడే వెళ్ళాలి. ఊపిరి మార్చకుండా కూత పెడుతూ, అందినవాణ్ణి ముట్టుకుని, ఆ ఒక్క ఊపిరిలోనే నడిగీత దాటి తిరిగి రావాలి. మధ్యలో కూత తెగిందా, అవుటే. బుల్లబ్బాయి కూత ఎంత పొడుగంటే, అవతలివాళ్ళకి ముందు విసుగు పుట్టేది, ఆ తరవాత భయం పుట్టేది. జిల్లా జట్టుకి ఎంపికైనప్పుడు ఇంకా మీసం సరిగ్గా రాలేదు. కాకినాడలో ఆట ఉందంటే ఊళ్ళో సగం మంది బస్సు పైకెక్కి మరీ వెళ్ళేవారు.

రాష్ట్ర జట్టు ఎంపికలో మాత్రం అతని పేరు చదవలేదు. మోకాలు బాగాలేదన్నారు. అప్పటికి మోకాలు శుభ్రంగానే ఉంది. బాగాలేనిది నోరు. ముందురోజు ఆటలో, ఎంపిక చేసే పెద్దమనిషి ఒకడు తన మేనల్లుడి వైపు అడ్డంగా తీర్పు చెబితే, నలుగురిలో నిలదీశాడు. సరే, పేర్లు చదవడం అయిపోయింది. బుల్లబ్బాయి తిన్నగా వెళ్ళి నడిగీత మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. "నేను పనికిరానోణ్ణయితే, పనికొచ్చే ఏడుగురూ వచ్చి నన్నిక్కణ్ణించి కదపండి" అన్నాడు. కదిపారు. నలుగురి వల్ల కాకపోతే మిగతా ముగ్గురూ కూడా వచ్చి మోసుకెళ్ళి గేటు బయట పడేశారు. ఆ తరవాత రెండేళ్ళు ఏ పెద్ద పోటీకీ రానివ్వలేదు. ఈ కథ చెప్పేటప్పుడు అతను సిగ్గుపడకపోగా, "రాష్ట్ర జట్టంతా కలిసి పట్టాల్సొచ్చిన కూతగాడు ఇంకెవడున్నాడో చెప్పండి" అని ఎదురడిగేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

పెద్ద పోటీలు పోతే ఊళ్ళ పోటీలు మిగిలాయి. ఇత్తడి బిందెలు, గొర్రెపోతులు గెలుచుకుంటూ తిరిగాడు. ఒక జాతరలో నిజంగానే మోకాలు పోయింది. ఎంపిక చేసిన పెద్దమనిషి నోటి మాట ఎన్నేళ్ళకో ఇలా నిజమైందని బుల్లబ్బాయికి కాలి నొప్పి కన్నా ఎక్కువ మండింది. అప్పటికి పెళ్ళయింది. భార్య లోవమ్మ మేనమామ కూతురే. ఇల్లు గడవని రోజులు చూసి చూసి, గల్ఫ్ యుద్ధం సద్దుమణిగిన మరుసటి ఏడు లోవమ్మ బహ్రెయిన్ వెళ్ళి ఒక అరబ్బుల ఇంట్లో ముసలావిడని చూసుకునే పనికి కుదిరింది. ఆ ఇంటావిడే, లోవమ్మ మేడం, ఎవరితోనో మాట్లాడి బుల్లబ్బాయికి ఓడల మరమ్మతు షెడ్డులో వీసా ఇప్పించింది. పెళ్ళాం కొంగు పట్టుకుని సముద్రం దాటుతున్నాడని ఊళ్ళో నవ్వారు. "కొంగు గట్టిది గనక పట్టుకున్నాను. మీ ఇళ్ళల్లో కొంగులు దేనికి పనికొస్తన్నాయో చూసుకోండి" అని అందరి ముందూ చెప్పి, కుంటుకుంటూ బస్సెక్కాడు.

బహ్రెయిన్‌లో వాళ్ళ కాపురం శుక్రవారాల కాపురం. అతను మీనా సల్మాన్ క్యాంపులో, ఆమె మేడం గారింట్లో. అక్కడ సెలవు శుక్రవారం. ఆ పొద్దున్నే బుల్లబ్బాయి అస్కర్ దగ్గరి మైదానంలో అల్యూమినియం ఫ్యాక్టరీ కాంట్రాక్టు కూలీలతో చెడుగుడు ఆడేవాడు. మోకాలికి గుడ్డ చుట్టుకుని, ఈ వయసులో, ఆ ఎండలో. చింత చచ్చినా పులుపు చావలేదని అందరూ ఆటపట్టించేవారు. మధ్యాహ్నం స్నానం చేసి, తలకి నూనె రాసుకుని, మేడం గారింటి వెనక గదికి వెళ్ళేవాడు. లోవమ్మ చేపల పులుసు పెట్టేది. వారంలో అతను మనిషిలా మెత్తబడేది ఆ కాసేపే. ఆ శుక్రవారాల కోసమే మిగతా వారమంతా షెడ్డులో తుప్పు గోకేవాడు.

షెడ్డు పనిలో పాడు పని ట్యాంకు పని. సరుకు మోసే బార్జీల అడుగున మూసి ఉంచిన ఇనప ట్యాంకులుంటాయి. మూత తీసి, మనిషి పట్టేంత కంతలోంచి నిచ్చెన దిగి, లోపల తుప్పు గోకి రంగు వేయాలి. నెలల తరబడి మూసున్న ట్యాంకులో గాలి చచ్చిపోయి ఉంటుంది. వాసన ఉండదు, పొగ ఉండదు. ఊపిరి తీసుకున్నట్టే ఉంటుంది, అంతలో కాళ్ళు తేలిపోతాయి. గాలి కొట్టే మిషను షెడ్డులో ఒకటే ఉండేది. అదీ ఎప్పుడూ వేరే ఓడ మీదే ఉండేది.

బుల్లబ్బాయికీ, అతని జతగాడు బాలన్నకీ ఈ గాలి సంగతి ఊళ్ళోనే తెలుసు. బాలన్నది జగిత్యాల వైపు. బహ్రెయిన్‌లో ఉంటూ కూడా దుబాయిలో ఉన్నానని ఇంటికి చెప్పే మనిషి. పాడుబడ్డ నూతిలో దిగేముందు లాంతరు దించి చూడటం ఇద్దరి ఊళ్ళల్లోనూ ఉన్నదే. లాంతరు ఆరితే మనిషి దిగడు.

"మరి ఈడ లాంతరు దించుదామంటే రంగుల కలిపే థిన్నరు వాసనకే అంటుకుంటది గదనే" అన్నాడు బాలన్న.

"లాంతరెందుకురా, కూత ఉంది కదా" అన్నాడు బుల్లబ్బాయి.

అలా మొదలైంది. లోపల దిగినవాడు గోకుతూ మధ్యమధ్యన కూత పెట్టాలి. పైన కంత దగ్గర ఒకడు కూర్చుని వింటూ ఉండాలి. కూత వినబడినంతసేపూ మనిషి ఉన్నట్టు. ఆగితే పిలవాలి, పలక్కపోతే లాగాలి. ముందు తెలుగువాళ్ళే పెట్టేవారు. తరవాత తమిళులు సడుగుడు అన్నారు, బెంగాలీలు హాడుడు అన్నారు, మరాఠీ వెల్డరు హుతుతు అన్నాడు, పంజాబీలు కౌడీ అన్నారు. ఆటకి ఇన్ని పేర్లున్నాయని బుల్లబ్బాయికి అప్పుడే తెలిసింది. ఎవడి కూత వాడిది, లెక్క మాత్రం ఒకటే.

ఫోర్‌మన్ సత్యప్రసాద్‌కి ఇది మింగుడు పడలేదు. అతనిది కాకినాడే, డిప్లొమా చదివినవాడు, చెడ్డవాడు కాదు. అయితే బార్జీ తాలూకు ఇంజినీరు ఒకడు వచ్చి, ట్యాంకుల్లోంచి వచ్చే ఆ గోల విని, ఇది షెడ్డా తిరనాళ్ళా అని నవ్వి వెళ్ళాడు. ఆ నవ్వు సత్యప్రసాద్‌కి గుచ్చుకుంది.

"రేపట్నించి కూతలు బంద్. పని చేసుకుందాం" అన్నాడు.

"మిషను తెప్పించండి, ఆపేత్తాం" అన్నాడు బుల్లబ్బాయి.

"తెప్పించడం నా చేతిలో ఉందా? ఆఫీసులో అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది."

"అయితే మా నోరు మా చేతిలో ఉంది కదండీ. పడిపోకుండా చూసుకుంటాం."

కూత ఆగలేదు. సత్యప్రసాద్ కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కానీ మనవాళ్ళు మనవాళ్ళే. ఏ పనినైనా పందెం చెయ్యకపోతే తోచదు. కొన్నాళ్ళకి ట్యాంకులో ఎవడి కూత పొడుగో చూసుకోవడం మొదలైంది. లోపల కూత తెగగానే పైనున్నవాడు "అవుట్" అని అరిచేవాడు. లోపలివాడు ఒక బూతు అనేవాడు. అందరూ నవ్వేవారు. బుల్లబ్బాయి వద్దనకపోగా, తానే ముందు అరిచేవాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. అదే జరిగింది.

తొంభై ఆరు వేసవి. చాలాకాలం మూసున్న బార్జీ ఒకటి వచ్చింది. బాలన్న లోపలికి దిగాడు. కంత దగ్గర అచ్చిబాబు అనే సామర్లకోట కుర్రాడు కూర్చున్నాడు. బుల్లబ్బాయి బార్జీ అవతలి కొసన రంగు వేస్తున్నాడు. బాలన్న కూత బాగా సాగి సాగి ఠక్కున తెగింది. "అవుట్" అన్నాడు అచ్చిబాబు. డెక్కు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. బాలన్న తిట్టు కోసం చూశారు. తిట్టు రాలేదు. అలిగాడనుకుని మళ్ళీ నవ్వారు.

బుల్లబ్బాయికి నవ్వు వినబడింది, తిట్టు వినబడలేదు. బ్రష్షు పడేసి కుంటుతూనే పరిగెత్తాడు. కంతలోకి తొంగి చూస్తే బాలన్న నిచ్చెనకి దూరంగా బోర్లా పడి ఉన్నాడు. అచ్చిబాబు అప్పటికే ఒక కాలు లోపల పెట్టాడు. బుల్లబ్బాయి అతని కాలరు పట్టి వెనక్కి లాగాడు.

"దిగితే నువ్వూ అక్కడే పడతావు. తాడు పట్టుకో."

తాడు కొస ముంజేతికి చుట్టుకున్నాడు. కంతకి దూరంగా జరిగి, సముద్రం వైపు తిరిగి, గుండె నిండా గాలి తీసుకున్నాడు. కూత మొదలుపెట్టి నిచ్చెన దిగాడు. కూత పెడుతున్నవాడు గాలి వదులుతాడే గానీ లోపలికి తీసుకోడు. లోపలి గాలి ఒక్క బొట్టు కూడా తాగకూడదు. ఆట నియమం అదే, అక్కడి నియమమూ అదే. పైనున్నవాళ్ళకి కూత మాత్రమే వినబడుతోంది. ఎవరూ నవ్వలేదు. చెడుగుడు, చెడుగుడు అని ఆ ఇనప గోడల మధ్య కూత దూరం వెళ్ళింది, ఒకచోట ఆగి నిలబడింది, సన్నబడింది, మళ్ళీ దగ్గరికి వచ్చింది. నిచ్చెన మెట్ల మీద మోకాలు మొరాయించింది. చేతులతో పాకి, తల బయటికి వచ్చాక కూత తెంచి, కంత అంచు మీద బోర్లా పడి దగ్గాడు. "లాగండి" అని చేత్తో చూపించాడు. తాడు బాలన్న చంకల కింద బిగించి ఉంది. నలుగురూ కలిసి లాగారు. కంతలోంచి పైకి తీసి నీడలో పడుకోబెట్టి విసిరితే, కాసేపటికి బాలన్న ఛాతీ కదిలింది. అంబులెన్సులో తీసుకెళ్ళారు. బతికాడు.

ఆ సాయంత్రం సత్యప్రసాద్ క్యాంపుకి వచ్చాడు. బుల్లబ్బాయి పడుకునే మంచం కొసన తాను కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు.

"బార్జీవాళ్ళు ఎలా జరిగిందని అడుగుతున్నారు. రేపు మేనేజరు అందర్నీ నిలబెట్టి నిన్ను అడుగుతాడు. పని మానేసి ఆటలాడుకున్నాం, తప్పు నాది అని ఒక్క ముక్క అనెయ్. నీ ఉద్యోగం ఉంటుంది. అనకపోతే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తేకు. లోవమ్మని ఇక్కడొదిలేసి ఒక్కడివీ ఊరెళ్ళి ఏం చేస్తావ్?"

ఆ చివరి మాట బుల్లబ్బాయికి తగిలింది. శుక్రవారాలు పోతాయి. ఇంటికెళితే ఇత్తడి బిందెలూ, ఖాళీ గదీ. అతనికి నిజంగా భయం వేసింది. బరిలో ఏనాడూ తెలియని భయం. బయటికి వెళ్ళి ఫోన్ బూత్‌లోంచి లోవమ్మకి జరిగిందంతా చెప్పాడు.

"బాలన్న బతికాడా?" అంది లోవమ్మ.

"బతికాడు."

"మరి నీ తప్పేటి మావా?"

"కూత తెగితే నవ్వడం వాళ్ళకి నేనే నేర్పానే. నవ్వకపోతే అచ్చిబాబు అప్పుడే పిలిచేవోడు."

"అది నీదే. కాదనను. ఎల్లి బాలన్నకి చెప్పుకో, కాళ్ళు పట్టుకో. మేనేజరికెందుకు సెప్తావు? ఆడు దిగాడేటి ట్యాంకులో?"

"పంపేత్తారే."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. లోవమ్మ ఏడుస్తోందని అతనికి తెలుసు. తెలియనట్టు ఊరుకున్నాడు.

"పంపితే పంపుతారు" అంది చివరికి. "నేను తెచ్చినోణ్ణి నేనే మళ్ళీ తెచ్చుకుంటాను. నువ్వు మాత్రం తల దించుకుని నా గుమ్మంలోకి రాకు. నీకది బాగోదు."

ఫోన్ పెట్టేసి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాడు. బాలన్న ముక్కుకి గొట్టం పెట్టి ఉంది. బుల్లబ్బాయి మంచం పక్కన నిలబడి, "నవ్వులాట నేర్పింది నేనేరా, తప్పయిపోయింది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

బాలన్న కళ్ళు తెరిచి చూశాడు. మాట మెల్లగా వచ్చింది. "నేనే గెలువాలె అని గుంజి గుంజి కూత వెట్టిన. నీది ఒక్కటే తప్పా అన్నా? పడ్డంక నీ కూత ఇనవడ్డది. ఒస్తున్నవని ఎరుకైంది."

బుల్లబ్బాయి అక్కడే నిలబడి ఏడ్చాడు. ఏడవడం అయ్యాక మొహం కడుక్కుని క్యాంపుకి వచ్చి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు అందర్నీ నిలబెట్టారు. వెనకాలే ఆ బార్జీ, దాని మీద తెరిచిన ట్యాంకు. మేనేజరు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. అతను హిందీలో మాట్లాడాడు. బుల్లబ్బాయికి రేవు హిందీ బాగానే వచ్చు.

"ఆటల వల్లే ఇది జరిగింది. ఆ ఆటలు నేర్పింది నువ్వు. తప్పు నాదని అందరి ముందూ చెప్పు. ఖలాస్, విషయం అయిపోతుంది."

"చెప్తాను సాబ్" అన్నాడు బుల్లబ్బాయి.

సత్యప్రసాద్ ఊపిరి పీల్చుకున్నాడు. బుల్లబ్బాయి మాత్రం బార్జీ వైపు నడిచాడు. చెక్క మెట్లెక్కి, డెక్కు మీద కంత పక్కన నిలబడి, ఇటు తిరిగాడు.

"ఇక్కడ కాదు, లోపల చెప్తాను. మీరూ రండి. ఇద్దరం దిగుదాం. గాలి మంచిదే అంటున్నారు కదా, తప్పు ఆటదే కదా. బాలన్న గోకిన చోట నిలబడి, బాలన్న గోకినంతసేపూ గోకుదాం. తరవాత మీ చెయ్యి పట్టుకుని, తప్పు నాదని, మీరు ఎన్ని సార్లంటే అన్ని సార్లు చెప్తాను."

మేనేజరు ఆ కంత వైపు చూశాడు. ఆ చూపు అందరికీ కనబడింది. చూడకుండా ఉండాల్సిందని అతనికే తెలిసినట్టుంది, వెంటనే గడియారం చూసుకున్నాడు.

"క్యాన్సిల్. యల్లా, సామాను సర్దుకో" అన్నాడు.

బుల్లబ్బాయి దిగి వచ్చాడు. కుంటు దాచుకోలేదు, తల దించుకోలేదు. పెట్టె తెచ్చుకుని గేటు బయట వ్యాను కోసం నిలబడ్డాడు. లోపల మేనేజరు పనిలోకి దిగమన్నాడు. దిగడానికి ఎవరూ రాలేదు. ఎక్కడివాళ్ళక్కడే నిలబడ్డారు. చివరికి సత్యప్రసాద్ ఎవరినీ అడక్కుండా వెళ్ళి, పక్క ఓడ మీది గాలి మిషను తానే తోసుకుంటూ తెచ్చాడు. అది పొద్దెక్కేదాకా ఒక్కొక్క ట్యాంకులోనూ గాలి కొట్టింది. అప్పుడు అచ్చిబాబు నడుముకి తాడు కట్టుకుని దిగాడు.

వ్యాను రావడం ఆలస్యమైంది. అందుకే బుల్లబ్బాయికి వినబడింది. ముందు అచ్చిబాబు కూత, భయంతో వణుకుతూ. తరవాత పక్క ట్యాంకులోంచి హాడుడు. ఆ పైన హుతుతు, సడుగుడు, కౌడీ. ఒకడి కూత తెగితే మరొకడు నవ్వలేదు, పేరు పెట్టి పిలిచాడు. లోపలివాడు పలికాడు. వ్యాను వచ్చి హారన్ కొట్టేదాకా బుల్లబ్బాయి వింటూ నిలబడ్డాడు.

ఊరెళ్ళాక ఏడాది పైనే ఒంటరిగా గడిపాడు. ఎందుకొచ్చేశావని అడిగినవాళ్ళకి, మేనేజరు నాతో ఆడటానికి భయపడ్డాడని చెప్పేవాడు. లోవమ్మ అన్నంత పనీ చేసింది. మేడం వెంటపడి, ఆవిడ తమ్ముణ్ణి ఒప్పించి, సీఫ్‌లో కొత్తగా లేచిన మాల్‌లో నేల తుడిచే వీసా తెప్పించింది. ఆరడుగుల మనిషి, చేతిలో తుడుపు కర్ర, కింద అద్దంలాంటి నేల. అక్కడి గుమ్మాలు ఎత్తయినవి కావడంతో నుదుటికి మూడో మచ్చ పడలేదు. అస్కర్ ఆటలకి మాత్రం వెళ్ళేవాడు. మోకాలు ఇక నిలబడనివ్వకపోతే గీత పక్కన కూర్చుని కుర్రాళ్ళని తిట్టేవాడు. ఇంటికెళ్ళి తేరుకున్న బాలన్న కూడా తిరిగొచ్చి, ఎండ తగలని ఏదో పనిలో కుదిరి, శుక్రవారాలు అతని పక్కనే కూర్చునేవాడు. బాలన్న ఊపిరి ఇక కూతకి చాలేది కాదు.

ఒక శుక్రవారం మేడం గారి వెనక గదిలో పులుసన్నం తింటుంటే, లోవమ్మ ఎన్నాళ్ళనించో మనసులో ఉన్న మాట అడిగింది.

"మావా, ఆవేళ ఆ మేనేజరు రోషానికి పోయి నిజంగా దిగుంటే ఏం చేసేవోడివి?"

బుల్లబ్బాయి ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు.

"తప్పు నాదని చెప్పేవోణ్ణే. నాతోపాటు దిగినోడి ముందు తల దించితే ఏం పోద్దే?"

లోవమ్మ అతని కంచంలో ఇంకో చేపముక్క వేసింది.